హెచ్చరిక ఫోనుకు చేరింది, ఊరికి చేరాలి

(సంఘం జిల్లా అధ్యయన తరగతుల్లో రైతులు, కౌలు రైతులు, వ్యవసాయ కార్మికుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి తరగతుల్లో మనం మామూలుగా మాట్లాడుకునేవి గిట్టుబాటు ధర, కౌలు రైతుల గుర్తింపు కార్డులు, ఎరువుల కొరత, పంటల బీమా. ఈసారి వాటి పక్కన ఇంకో విషయం పెట్టాలని సంఘం నిర్ణయించింది. తుఫాను, వరద, పిడుగు మన మీదికి ఎలా వస్తాయో, వాటి గురించి వచ్చే హెచ్చరికలో ఏముంటుందో ఊళ్ళో ప్రతి మనిషికీ తెలియాలి అన్నది ఆ విషయం. ఇది బడిపిల్లల పాఠం కదా, రైతు సంఘానికి దీంతో పనేమిటని కొందరు అడిగారు. పని ఉంది. ఆకాశం కింద, నీళ్ళ పక్కన పనిచేసేది మనం. విపత్తు వచ్చినప్పుడు ముందు పోయేది మన ప్రాణం, మన పశువు, మన పంట. నష్టపరిహారం కోసం పోరాడే సంఘం, నష్టం తగ్గించుకునే తెలివి కోసం కూడా పోరాడాలి.

ఇప్పుడు హెచ్చరికలకు కొరత లేదు. ఫోను మోగుతుంది, మెసేజ్ వస్తుంది, టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెడతాయి. "ఆరెంజ్ అలర్ట్", "అతి భారీ వర్షాలు", "రెండో ప్రమాద హెచ్చరిక", "పదో నంబరు సిగ్నల్". చదివి ఫోను జేబులో పెట్టుకుంటాం. ఆ అంకెకు మన చేను, మన గొడ్లపాక, మన వీధి ఏమవుతాయో మెసేజ్ చెప్పదు. అది మనమే లెక్కగట్టుకోవాలి. లెక్క తెలియని చోట హెచ్చరిక కూడా ఒక చప్పుడే.

మన రాష్ట్రం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి కొనుక్కుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి లోపలికి వచ్చింది. పది వేల మంది దాకా చనిపోయారని అధికారిక లెక్క, అంతకన్నా ఎక్కువేనని ఆ ప్రాంతం వాళ్ళ మాట. తుఫాను వస్తోందని అప్పటికే తెలుసు. సముద్రం ఊరి మీదికి వస్తుందని మాత్రం జనం అనుకోలేదు. గాలివాన అనుకుని ఇళ్ళలో ఉండిపోయారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరానికి మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి ఉపగ్రహం చూస్తోంది, షెల్టర్లు లేచాయి, జనాన్ని పెద్ద ఎత్తున ముందే తరలించారు. అన్నిటికన్నా ముఖ్యం, ఉప్పెన అంటే ఏమిటో జనానికి తెలుసు. చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపే. అది కూడా ఎక్కువే. అయినా పది వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాలో జనం తెలుసుకున్నదానికి వాటా ఉంది.

పక్కనున్న ఒడిశాను చూడండి. 1999 అక్టోబరులో సూపర్ సైక్లోన్ దాదాపు పది వేల మందిని పొట్టనబెట్టుకుంది. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటింది. అదీ చాలా తీవ్రమైన తుఫానే. మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఈ పద్నాలుగేళ్ళలో షెల్టర్లు కట్టారు, ఊరూరా యువతకు శిక్షణ ఇచ్చారు, ఏటా కసరత్తు చేయించారు. 2020లో ఆ రాష్ట్రంలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు తీర గ్రామాలను సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా యునెస్కో గుర్తించింది. ఎటు పరుగెత్తాలో చెప్పే పటం, బోర్డులు, ఏటా సాధన, ఇవే అందుకు అర్హతలు. మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాదులోనే ఉంది. మరి మన తీరంలో ఎన్ని ఊళ్ళకు ఆ పటం ఉంది? ఈ ప్రశ్న మనం అడగాలి.

ఇక అసలు పాఠంలోకి వద్దాం. నాలుగు అంకెలు తీసుకుందాం. వాటిని మన ఊరి కొలతలోకి మార్చుకుందాం.

మొదటిది వాన. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ "భారీ వర్షం" అంటుంది. 115.6 నుంచి "అతి భారీ". 204.5 దాటితే "అత్యంత భారీ". మిల్లీమీటరు అంటే వినడానికి చీమ తలకాయంత. దాన్ని ఎకరంలోకి మార్చండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్ళు. 64.5 మిల్లీమీటర్లంటే రెండు లక్షల 60 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 52 తెచ్చి ఒక ఎకరంలో కుమ్మరించినట్టు. 204.5 అయితే 165 ట్యాంకర్లు. ఇప్పుడు చెప్పండి, మీ చేలో నుంచి ఆ నీళ్ళు పోయే దారి ఏది? పంట కాలువా, మురుగు కాలువా? అది గుర్రపుడెక్క పట్టి ఎన్నాళ్ళయింది? "రేపు అతి భారీ వర్షం" అన్న మాట వినగానే ఈ లెక్క మనసులో మెదిలితే, మనిషి పార పట్టుకుని గట్టుకు గండి కొట్టడానికి ఈ రోజే వెళ్తాడు. డ్రెయిన్ల పూడిక తీయమని సంఘం ఏటా వేసవిలో ఇచ్చే అర్జీకి కూడా ఈ లెక్క జత చేస్తే అర్జీ బరువు పెరుగుతుంది.

వాన కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. అడుగూ మూతీ ఒకే వెడల్పుతో, పక్కలు నిటారుగా ఉన్న డబ్బా చాలు. చెట్లకూ గోడలకూ దూరంగా, ఆరుబయట పెట్టాలి. రోజూ ఉదయం ఒకే వేళకు స్కేలు పెట్టి లోతు చూసి పుస్తకంలో రాయాలి. మండల కేంద్రంలో కొలిచిన వానకూ మన ఊళ్ళో పడిన వానకూ చాలాసార్లు పొంతన ఉండదు. పరిహారం లెక్కల్లో అధికారులు మండలం అంకె చూపిస్తే, మన పుస్తకాన్ని వాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అడగడానికి మన దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

రెండోది తుఫాను. మన వైపు సముద్రంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దాన్నిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు తిరిగి నిలబడండి. తుఫాను కేంద్రం తీరం దాటే చోటికి మీ కుడిచేతి వైపున గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి తోస్తుంది. నీళ్ళను ఎత్తి ఊళ్ళ మీదికి తెచ్చేది ఆ గాలే. ఎడమ వైపున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది, అక్కడ ఉప్పెన తక్కువ. 1977లో కేంద్రం తీరం దాటింది దివిసీమ దగ్గర కాదు, దానికి పడమటి వైపున, చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. దివిసీమ కుడిచేతి వైపున పడింది. అందుకే "తుఫాను అక్కడెక్కడో దాటుతుందట, మనకేం కాదు" అనుకోకూడదు. ఎక్కడ దాటుతుందో విన్నాక, మనం కుడివైపా ఎడమవైపా అని చూసుకోవాలి. పైగా చెప్పిన చోటు అటూ ఇటూ జరగొచ్చు. ఎడమ వైపు ఉన్నామని షెల్టరుకు వెళ్ళడం మానడం కూడా తప్పే.

ఇంకొకటి. కేంద్రం మన మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన తెరిపిస్తుంది. తుఫాను పోయిందనుకుని జనం పశువులను చూడ్డానికి బయటికొస్తారు. అది తుఫాను కన్ను. కాసేపటికి వ్యతిరేక దిశ నుంచి అంతే బలంగా గాలి మళ్ళీ మొదలవుతుంది. ఒక వైపు ఒరిగిన చెట్లు, గోడలు రెండో వైపు నుంచి దెబ్బ తగిలి కూలేది అప్పుడే. "పూర్తిగా దాటింది" అని చెప్పేదాకా బయటికి రాకూడదన్న మాట వెనక ఉన్న కారణం ఇది. కారణం తెలిసినవాడికి ఆజ్ఞ అక్కర్లేదు.

ఓడరేవుల్లో ఎగరేసే నంబరు సిగ్నళ్ళు ఓడల కోసం పెట్టినవి. టీవీలో ఆ నంబరు చూసి ఊళ్ళోవాళ్ళు భయపడటమో తేలిగ్గా తీసుకోవడమో చేయకూడదు. మనం చూడాల్సింది మన జిల్లాకు ఇచ్చిన రంగు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే ఇక కదలమని.

మూడోది వరద. గోదావరికి భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర ఇదే పది లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. పది లక్షల క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ రెండు కోట్ల 80 లక్షల లీటర్లు. 1986 ఆగస్టులో భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71.3. లంక గ్రామాల పెద్దలకు ఈ అంకెలు కంఠస్థం. అయితే లంకలో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి, చేను కౌలుకు తీసుకున్న కుర్రవాడికి, ఇటుక బట్టీలో పనికొచ్చిన కూలీ కుటుంబానికి ఎవరు చెబుతారు?

అందుకని ప్రతి ఏటిగట్టు ఊళ్ళో ఒక పని చేయాలి. 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్ళను అడిగి, బడి గోడ మీద, రామాలయం మెట్టు మీద, రచ్చచెట్టు మొదట్లో రంగుతో గీత గీయాలి. పక్కన అప్పటి భద్రాచలం అడుగులు రాయాలి. ఏ హెచ్చరికకు ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో, ఏ దారి ముందు మునుగుతుందో గీతలు చెబుతాయి. ఎగువన అంకె పెరిగాక నీళ్ళు మన దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ధాన్యం బస్తాలు మేడ ఎక్కించడానికి, గొడ్లను గట్టు మీదికి తోలడానికి మనకున్న సమయం అదే.

నాలుగోది పిడుగు. దీని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. తుఫాను పత్రికల మొదటి పేజీలో వస్తుంది, పిడుగు చావు లోపలి పేజీలో రెండు లైన్లు. 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రకృతి వైపరీత్యాల వల్ల ఆ ఏడాది పోయిన ప్రాణాల్లో మూడో వంతుకు పైగా పిడుగువే. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు పడ్డాయి. పోయేది ఎక్కువగా ఎవరు? నాట్లు వేసే ఆడవాళ్ళు, గొర్రెల కాపరులు, పొలంలో మందు కొట్టేవాళ్ళు.

ఇక్కడి లెక్క తేలిక. మెరుపు వెంటనే కనిపిస్తుంది, ఉరుము మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున నడిచి వస్తుంది. మెరుపు చూసి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ముప్ఫై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. తరువాతిది మన మీదే పడొచ్చు. వెంటనే పని ఆపి పక్కా భవనంలోకి గానీ, తలుపులు మూసే బస్సు, కారులోకి గానీ వెళ్ళాలి. చివరి ఉరుము విన్నాక అర గంట దాకా తిరిగి రాకూడదు. చెట్టు కింద నిలబడకూడదు. గడ్డి పాక, మోటారు గది, టార్పాలిన్ పందిరి వాన నుంచి కాపాడతాయి గానీ పిడుగు నుంచి కాపాడవు. మోటారు స్టార్టరు, కంచె తీగ ముట్టకూడదు. దగ్గర్లో భవనమే లేకపోతే నీళ్ళున్న మడిలో నుంచి బయటికొచ్చి, ఒకరికొకరు దూరంగా, రెండు పాదాలు దగ్గర పెట్టి గొంతుకూర్చోవాలి. పడుకోకూడదు. పిడుగు నేలలో దిగి పక్కలకు పాకుతుంది. రెండు కాళ్ళు ఎంత ఎడంగా ఉంటే అంత విద్యుత్తు ఒంట్లోకి ఎక్కుతుంది. ఎడ్లూ గేదెలూ ఒక్క చెట్టు కింద గుంపుగా చచ్చిపడి ఉండటానికి కారణం అదే. వాటి ముందుకాళ్ళకూ వెనక కాళ్ళకూ ఎడం ఎక్కువ.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని కొందరు భయపడి దూరంగా నిలబడతారు. అది అబద్ధం. ఆ ఒంట్లో విద్యుత్తు మిగిలి ఉండదు. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మీద అదమడం మొదలుపెట్టి 108కి ఫోను చేస్తే బతికే అవకాశం ఉంది. పాపం చేసినవాడి మీదే పిడుగు పడుతుందన్న మాట ఇంకా కొన్ని ఊళ్ళలో వినిపిస్తోంది. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషికి ఆ మాట రెండో పిడుగు. దాన్ని ఊళ్ళోంచి తరిమే బాధ్యత మనది.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ "దామిని" అనే యాప్ చేసింది. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కూడా మండలాలవారీగా మెసేజ్‌లు పంపుతోంది. సరే, మెసేజ్ వచ్చింది. నాట్లు వేస్తున్న ముఠా పని ఆపుతుందా? ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకున్న ముఠాకు గంట పోతే కూలి పోతుంది. రోజు కూలి అయితే "చినుకు పడగానే గట్టెక్కారు" అని రైతు విసుక్కుంటాడు. ఇక్కడ సైన్సు ఒక్కటే సరిపోదు. ఆ గంట నష్టం ఎవరు భరించాలన్నది మనం తేల్చుకోవాలి. మన సంఘంలో చిన్న రైతులూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. ఉరుము విరామానికి కూలి కోయకూడదని, గుత్త పని అయితే గడువు పెంచాలని ఊరి స్థాయిలో ఒప్పందం చేసుకుందాం. చిన్న రైతు మీద ఆ భారం పడకుండా ఉపాధి హామీ నిధుల వంటి దారులు చూడమని ప్రభుత్వాన్ని అడుగుదాం.

పంట సంగతి కూడా ఒక్క మాట. నవంబరు, డిసెంబరులో తుఫాను వచ్చేసరికి మన వరి పనల మీద ఉంటుంది. తడిసిన గింజ మొలకెత్తకుండా అయిదు శాతం ఉప్పు నీళ్ళు, అంటే లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి, పనల మీద పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. "ఉప్పు ఏం చేస్తుందిలే" అని చాలామంది వదిలేస్తారు. గింజ మొలవాలంటే నీటిని లోపలికి లాక్కోవాలి. బయట ఉప్పు నీళ్ళుంటే లాక్కోలేదు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరడం ప్రతి ఇంట్లో చూసిందే. అదే సూత్రం. కారణం వంటింట్లోనే ఉంది, చేనుకు మోసుకెళ్ళేవాళ్ళు కావాలి.

చదువురాని రైతులకు ఇవన్నీ ఎక్కుతాయా అనేవాళ్ళకు ఒక జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఆవాసాల్లో ఒక కార్యక్రమం నడిచింది. రైతులే వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఊళ్ళో నీళ్ళెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని గోడ మీద బడ్జెట్ వేసుకుని, ఆ ఏడు ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. సంతకం పెట్టలేని ఆడవాళ్ళు కూడా ఆ లెక్కల్లో పాల్గొన్నారు. కార్తెలను బట్టి వానను, గాలి తిరుగుడును బట్టి ముసురును పసిగట్టే తెలివి మన పెద్దలకు ఉంది. కొలత ఆ తెలివికి తోడవుతుంది. వానల తీరు మారుతున్న ఈ రోజుల్లో ఆ తోడు ఇంకా అవసరం.

2004 సునామీలో ఇండోనేషియాలోని సిమ్యులు దీవి భూకంప కేంద్రానికి బాగా దగ్గర. అక్కడ దాదాపు 78 వేల మంది ఉంటే, చనిపోయింది ఏడుగురు. 1907లో వచ్చిన సునామీ తర్వాత, నేల గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కండి అన్న మాటను అమ్మమ్మలు జోలపాటల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. సైరన్ లేదు, ఫోను లేదు. తెలిసిన మాట ఒక్కటి ఉంది, దాన్ని అందరూ నమ్మారు.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి మూడు. ప్రతి గ్రామ సచివాలయంలో వానకొలత పరికరం పెట్టి రోజు లెక్క బోర్డు మీద రాయాలి. ఏటా వానాకాలానికి ముందు, తుఫాన్ల కాలానికి ముందు ప్రతి ఊళ్ళో కసరత్తు జరగాలి, దానికి పని మానుకుని వచ్చే కూలీకి ఆ రోజు కూలి ఇవ్వాలి. పొలాల మధ్య, మేత బీళ్ళ దగ్గర పిడుగు నుంచి రక్షణ ఉండే పక్కా షెడ్లు కట్టాలి. శాస్త్ర ప్రచారం పేరుతో కరపత్రాలు పంచి ఫొటోలు దిగి వెళ్ళిపోతే ఒప్పుకోవద్దు.

మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ప్రతి గ్రామ శాఖ వచ్చే నెలలోగా ఒక వాన డబ్బా పెట్టి పుస్తకం తెరవాలి. ఏటిగట్టు ఊళ్ళలో వరద గీతలు గీయాలి. హైస్కూలు సైన్సు మాస్టారునో టీచరమ్మనో, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల వాళ్ళనో పిలిచి నాట్ల ముఠాలకు, గొర్రెల కాపరులకు వాళ్ళ పని దగ్గరే ఒక గంట చెప్పించాలి. ఫోను లేని ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, వలస కూలీలు ఎవరెవరున్నారో రాసుకుని, హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరింటికి ఎవరు వెళ్ళాలో ముందే పంచుకోవాలి. వాట్సాప్‌లో వచ్చే పాత వీడియోలను నమ్మకుండా, అనుమానం వస్తే 1070కి ఫోను చేసి అడగాలి.

వచ్చే తరగతులకు ప్రతి శాఖ తన వాన పుస్తకం తీసుకుని రావాలని కోరుతున్నాను.